పొగ కంటే ముందు అంకె

తాల్చేరు బొగ్గు నింపుకున్న గూడ్సు రైళ్లు పలాస, ఆమదాలవలస, విజయనగరం మీదుగా సాగిపోతుంటాయి. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో బొగ్గు గనులు లేవు కనుక గని మంటలు మనకు పట్టవని సరిపెట్టుకోవడం తేలిక. కానీ ఉద్దానం నుంచి, బొబ్బిలి నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లేవారు పని ఉన్న చోటికల్లా వెళ్తారు. భూగర్భ గనుల్లో కాంట్రాక్టు పనీ అందులో ఒకటి.

బొగ్గు అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. తవ్వి వదిలేసిన ఖాళీ చోటును గోఫ్ అంటారు; అందులో మిగిలిన బొగ్గు పొడి ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ తనంతట తానే వేడెక్కుతుంది. గాలి ధారాళంగా ఆడితే ఆ వేడి పోతుంది; అసలు ఆడకపోతే చల్లారుతుంది. సన్నగా చొరబడే గాలితోనే చిక్కు. తడి ఆరకుండా వేసిన గడ్డివాములో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. గోఫ్‌లో చెయ్యి పెట్టే వీలుండదు.

గోడలు చెమర్చడం, కిరసనాయిలు లాంటి వాసన, పలచని మసక, ఆ తర్వాత పొగ. కార్మికుల పని, భద్రత చూసే గని సర్దార్లు చాలాకాలం ఈ గుర్తులనే నమ్ముకున్నారు. ముక్కుకు తెలిసేసరికి పరిస్థితి ముదిరిపోతుంది. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అంతకు చాలా ముందే పుడుతుంది. దాని మోతాదు ఒక్కటే చూస్తే, గాలి ఎక్కువ కలిసినప్పుడు తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఖర్చయిన ఆక్సిజన్‌లో అది ఎంత శాతమో లెక్కగడతారు. దీన్నే గ్రాహం నిష్పత్తి అంటారు. సాధారణంగా 0.4 లోపు ఉంటే భయం లేదు. 1 దాటితే లోపల వేడెక్కుతున్నట్టే, 3కు చేరితే మంట ఉన్నట్టే. గని గనికీ తేడా ఉంటుంది కనుక అంకె కన్నా అది పెరుగుతున్న తీరే ముఖ్యం.

సన్నని గొట్టాలతో గాలిని పైకి లాగి పరీక్షించే ఏర్పాట్లు ఉన్నాయి, లోపలే కొలిచే సెన్సర్లు ఉన్నాయి. అంకె చూసిన మనిషికి ప్యానెల్‌ను, అంటే గనిలో తవ్వకం సాగే ఆ భాగాన్ని, మూయించే అధికారం ఉందా అన్నదే మా అనుమానం. ఉత్పత్తి లక్ష్యం నెత్తిన కూర్చున్నప్పుడు ‘రేపు చూద్దాం’ అనడం మానవ సహజం. గనిలో అది నేరం. 1994 జనవరిలో పశ్చిమ బెంగాల్ రాణిగంజ్ ప్రాంతంలోని న్యూ కెండా గనిలో మంటలు రేగి 55 మంది బలయ్యారు.

ప్రతి షిఫ్టు రీడింగునూ గని ముఖద్వారం దగ్గర కార్మికులకు అర్థమయ్యే భాషలో రాసిపెట్టాలి. కాంట్రాక్టు కూలీ నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి ఊపిరిని కాపాడే పరికరం) కట్టి పంపితే సరిపోదు, చీకట్లో దాన్ని తగిలించుకోవడం నేర్పాలి. ఇక ఉత్తరాంధ్ర ఎంపీలు బొగ్గు శాఖను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నిరుడు ఈ నిష్పత్తి 1 దాటిన ప్యానెళ్లు ఎన్ని, వాటిని ఎన్ని గంటల్లో మూశారు?