గోడల ఊళ్ళో సి.ఆర్.

మా అమ్మాయి మనీలాలో డాక్టరీ చదువుతోంది. నేను రిటైరైన మరుసటి నెలే మా ఆవిడ పచ్చళ్ళ డబ్బాలతో, నేను బీపీ మాత్రలతో అక్కడ దిగాం. ఆదివారం పొద్దున్నే "నాన్నా, ఇవాళ ఇంట్రామురోస్ చూపిస్తా" అంది. గోడల లోపల అని అర్థమట. 1571లో స్పెయిన్ వాళ్ళు వచ్చి పాతుకుపోయిన చోటు అదే. తర్వాత చుట్టూ రాతిగోడ లేపారు. ఇప్పటి మనీలా ఆ గోడ దాటి ఎక్కడికో పాకిపోయింది గానీ, లోపల ఇంకా రాళ్ళు పరిచిన వీధులు, కటకటాల కిటికీలు, గుర్రబ్బళ్ళు.

"మొత్తం 64 హెక్టార్లు" అని అమ్మాయి ఫోన్లో చూసి చదివింది.

"158 ఎకరాలు" అన్నాను. ముప్పై మూడేళ్ళు రెవెన్యూలో చేసినవాణ్ణి, హెక్టారు వినబడితే నోరు ఊరుకోదు.

గోడ చుట్టూ ఒకప్పుడు కందకం ఉండేదిట. అమెరికా వాళ్ళొచ్చి పూడ్చేశారు, ఇప్పుడక్కడ గోల్ఫ్ ఆడుతున్నారు. "ప్లాట్లు వెయ్యలేదు, నయం" అంది మా ఆవిడ.

గేటు దగ్గర గుర్రబ్బండి అతను నన్ను చూసి "తతాయ్! తతాయ్!" అని కేకేశాడు. జుట్టుకి రంగేసుకుని నాలుగు రోజులు కాలేదు. సముద్రం దాటొచ్చినా తాతయ్యేనా? "తతాయ్ అంటే వాళ్ళ భాషలో నాన్న, నాన్నా" అని అమ్మాయి ఎంత చెప్పినా కడుపుమంట చల్లారలేదు. చల్లార్చడానికి కొబ్బరిబొండాం తాగాను. ఇంకోటి కూడా తాగాను. ఆ రెండోది తాగకుండా ఉండాల్సింది.

సాన్ అగస్తీన్ చర్చి 1607 నాటిది. 1945 యుద్ధంలో గోడల లోపలి చర్చిలన్నీ కూలిపోతే ఇదొక్కటే మిగిలిందిట. "పైకి చూడు నాన్నా, ఆ చెక్కడాలన్నీ ఉత్తి పెయింటింగే" అంది. తలెత్తాను. తలెత్తితే పొత్తికడుపు బిగిసింది. చూపు కప్పు మీద, ధ్యాస బొండాల మీద.

అక్కణ్ణుంచి సాంతియాగో కోట. లోపలికెళ్ళగానే తల్లీకూతుళ్ళు "ఇప్పుడే వస్తాం, ఇక్కడే ఉండండి" అని ఎటో పోయారు. ఎదిగిన కూతురితో ఈ మాట ఎలా అంటామని అప్పటిదాకా బిగబట్టాను. ఇక నా దారి నేను చూసుకుందామని బయల్దేరాను.

ఓ చెట్టు పక్కన బాణం గుర్తు, దాని మీద రెండక్షరాలు: సి.ఆర్. చూడగానే గుండె ఝల్లుమంది. సర్కారు కొలువు చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాన్ఫిడెన్షియల్ రిపోర్ట్. పై ఆఫీసరు సీల్డు కవర్లో రాసే మన జాతకం. ఓ ఆఫీసరు నా సి.ఆర్.లో "సగటు" అని ఒక్క ముక్క రాసినందుకు నా ప్రమోషన్ రెండేళ్ళు వెనకబడింది. కోటలో కూడా వీళ్ళకో సి.ఆర్. సెక్షన్ ఉందన్నమాట అనుకుని, ఆ ఛాయలకే పోకుండా చుట్టు తిరిగి వెళ్ళాను.

పాతకాలపు సిపాయి వేషంలో ఓ గార్డు నిలబడి ఉన్నాడు. 1762లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసు నుంచి సిపాయిల్ని ఓడలెక్కించి తెచ్చి ఈ ఊరిని పట్టుకున్నారు. కొందరు తిరిగి వెళ్ళకుండా దగ్గర్లోని కైంతాలో కాపురాలు పెట్టేశారు. ఇతను వాళ్ళ మునిమనవడేమో, మన బాధ అర్థమవుతుందన్న ఆశతో, మొహం వీలైనంత దీనంగా పెట్టి "టాయిలెట్?" అన్నాను.

"సి.ఆర్., సర్?" అని అదే చెట్టు వైపు చూపించాడు.

"నో సి.ఆర్. ఐ యామ్ రిటైర్డ్" అన్నాను గట్టిగా.

అతను పాపం సెల్యూట్ కొట్టాడు.

అప్పుడు కనబడ్డాయి నేల మీద అడుగులు. కంచుతో పోతపోసినవి, ఒకదాని వెనక ఒకటి. మన ఆస్పత్రుల్లో ఎక్స్‌రే గదికి దారి చూపిస్తూ పాదాలు వేస్తారే, అలాగన్నమాట. ఎంత వివరంగా ఏర్పాటు చేశారురా అనుకుంటూ, ఒక్కో కంచు అడుగులో ఒక్కో కాలు వేస్తూ, దాదాపు గెంతుతూ పోయాను. పోయి పోయి కోట గుమ్మం దగ్గర తేలాను. అక్కడ ఫొటోలు తీసుకుంటున్న కుర్రాణ్ణి "ఇవి ఎక్కడికి పోతాయి బాబూ?" అనడిగాను.

ఫిలిప్పీన్స్ వాళ్ళ జాతీయ వీరుడు హోసే రిసాల్ అడుగులవి. 1896 డిసెంబరు 30న ఈ కోటలోని చెరలోంచి కాల్చి చంపడానికి ఆయన్ని నడిపించుకెళ్ళిన దారి. అప్పటికి 35 ఏళ్ళు. కళ్ళ డాక్టరు. ఒక దేశం తలవంచే అడుగుల్లో నేను బొండాల బాధతో గెంతుతూ వచ్చాను. చేతులు జోడించాను. నిలబడే జోడిద్దామనుకున్నాను గానీ కాళ్ళు నిలవలేదు.

ఆ కుర్రాడికి నా అవస్థ అర్థమైనట్టుంది. "కంఫర్ట్ రూమ్, సర్. సి.ఆర్." అన్నాడు. కంఫర్టుకి సి, రూముకి ఆర్. ముప్పై మూడేళ్ళు నన్ను వణికించిన రెండక్షరాలకి వీళ్ళు పెట్టుకున్న అర్థం ఇదా!

వెనక్కి పరుగు. చెట్టు, బాణం, రెండు తలుపులు. ఒకదాని మీద "లలాకి" అని ఉంది. లలిత, లలన లాగా ఆడవాళ్ళ సంగతేదో అనిపించింది. రెండో దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో చక్కగా "బాబాయ్" లాంటి మాట. పొద్దున్నుంచి తాతయ్ అనిపించుకున్నవాణ్ణి, తలుపైనా ఓ తరం తగ్గించి పిలిచిందని మురిసిపోయి తోసుకుని లోపలికెళ్ళాను.

అద్దం ముందు మా ఆవిడ బొట్టు సరిచేసుకుంటోంది.

"ఏవండీ!" అంది.

పక్కనే చేతులు కడుక్కుంటున్న మా అమ్మాయి వెనక్కి తిరక్కుండానే అంది: "బబాయే అంటే ఆడవాళ్ళు, నాన్నా."