ప్రతి వేసవికీ మాయమయ్యే ఏసీ గ్యాస్ గారికి

మహారాజశ్రీ ఏసీ గ్యాస్ గారి దివ్యసముఖానికి, రోహిణి కార్తెలో ఉడికిపోతున్న విజయవాడ వాసి ఒకడు అనేక నమస్కారాలతో వ్రాసుకొను విన్నపము.

ఇక్కడ మేము క్షేమంగా లేము. అక్కడ తమరు క్షేమమని తలచుదామంటే, ఆ అక్కడ ఎక్కడో మాకు అంతుబట్టడం లేదు. ఏసీ నడుస్తోంది, గాలి తగులుతోంది, చల్లదనం మాత్రం రావడం లేదని ఫోనులో మొర పెట్టుకున్న మరుక్షణమే, మా గుమ్మం తొక్కకుండానే, ఔట్‌డోర్ యూనిట్ ఏ మూలన ఉందో అయినా అడగకుండానే, మెకానిక్ మహాశయుడు "గ్యాస్ అయిపోయి ఉంటుంది సార్, నింపాలి" అని తమరి నిష్క్రమణను ప్రకటించాడు. నిరుడూ ఇదే మాట. పై అంతస్తు వారికీ, ఎదురింటి వారికీ, వారి ఏసీ ఏ కంపెనీదైనా, ఎన్నేళ్లదైనా, ఇదే మాట.

తమరి గురించి మేము చదువుకున్నది వేరు. వంటింటి సిలిండర్‌లోని గ్యాస్ మండుతుంది, కూర ఉడికిస్తుంది, కొన్నాళ్లకు అయిపోతుంది; అది న్యాయం. తమరిది మండే ఉద్యోగం కాదు. (తమ వంశంలోని ఆర్-290 అచ్చంగా మండే ప్రొపేన్ వాయువే అయినా, ఏసీలో కొలువు చేరాక అదీ తిరగవలసిందే తప్ప మండకూడదు.) కంప్రెసర్ తమరిని నొక్కి వేడెక్కిస్తుంది, ఔట్‌డోర్ కాయిల్ (గొట్టాల చుట్ట)లో ఆ వేడిని బయటి గాలికి వదిలి తమరు ద్రవమవుతారు, సన్నని దారిలో దూరి ఒత్తిడి పోగొట్టుకుని, ఇండోర్ కాయిల్‌లో మా గది వేడినే తాగి, ఆవిరై, మళ్లీ కంప్రెసర్ వద్దకు చేరుకుంటారు. ఈ ప్రదక్షిణ అంతా మూసిన గొట్టాలలోనే సాగుతుంది కనుక, మొదట పోసిన గ్రాములే ఏళ్ల తరబడి సరిపోవాలి. తమరు తగ్గారంటే ఖర్చయ్యారని కాదు, ఎక్కడో సందు దొరికి జారుకున్నారని అర్థం. ఆ సందు ఎక్కడుందని అడిగితే, "గ్యాస్ అన్నాక ప్రతి ఏడూ పోతుంది సార్" అన్న సమాధానం వచ్చింది.

ఆ రోజు జరిగిన నిరూపణ కూడా తమరు వినదగినదే. ఔట్‌డోర్ పక్కనున్న వాల్వు మూత విప్పి, లోపలి పిన్నును స్క్రూడ్రైవర్ మొనతో నొక్కగానే తమరు సుయ్యిమని బయటికి వచ్చారు. "చూశారా, ప్రెషరే లేదు" అన్నాడు ఆయన. లేరని చూపడానికి ఉన్నవారిని బయటికి వదలడమనే ఈ పద్ధతి ఏ తర్కశాస్త్రంలోనూ లేదు. ఇంకాసేపు నొక్కి ఉంటే మాత్రం ఆయన మాట నిజమై ఉండేది.

ఆయన చూడనిది ఇండోర్ మూత కింది ఫిల్టర్‌ను. బందరు రోడ్డు దుమ్మూ, అగరబత్తి పొగా, పోపు జిడ్డూ కలిసి, వేలితో గీస్తే చారిక పడేంతగా ఆ జాలీ మీద పేరుకున్నాయి. జాలీ మూసుకుపోతే కాయిల్ మీదికి గాలి చాలదు, చాలకపోతే కాయిల్ మరీ చల్లబడి దాని మీద మంచు పడుతుంది, మంచు పడితే వచ్చే ఆ కాస్త గాలీ ఆగిపోతుంది. నింద మాత్రం తమరి మీద పడుతుంది. కాయిల్ మీద మంచుకు తమరు తగ్గడమూ కారణం కావచ్చు, గాలి తగ్గడమూ కారణం కావచ్చు. రెండోదానికి మందు కుళాయి నీళ్లు గనుక, బిల్లులో దానికి చోటు లేదు.

అపార్టుమెంట్ల వెనుక ఇరుకు సందులో కుక్కిన ఔట్‌డోర్ తాను ఊదిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటూ ఉంటుంది. కెపాసిటర్ పోతే కంప్రెసర్ లేవనే లేవదు, లోపలి ఫ్యాను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటుంది. సాయంత్రం వోల్టేజి పడిపోవచ్చు, పీసీబీ (లోపలి సర్క్యూట్ పలక) మీద బల్లి ప్రాణం విడిచి ఉండవచ్చు, మా పిల్లవాడు రిమోట్‌ను ఫ్యాను మోడ్‌లో పెట్టి ఉండవచ్చు. వీటన్నిటి పాపమూ తమరి ఖాతాలోకే పోతోంది.

తమరు నిజంగా తగ్గిన రోజులు లేవని నా వాదన కాదు. ఉప్పుగాలికి కాయిల్ తినివేతకు గురయ్యే విశాఖ వంటి చోట తమరు జారుకోవడం సహజమే. కానీ దానికి గుర్తులుంటాయి. ఫిల్టర్ శుభ్రంగా ఉండి, ఔట్‌డోర్ తిరుగుతూ ఉన్నప్పుడు సన్నని గొట్టం మీద మంచు కట్టి, లావు గొట్టం చల్లబడకుండా పొడిగా ఉంటే తమరిని అనుమానించవచ్చు. ఏసీ పీల్చే గాలికీ, వదిలే గాలికీ మధ్య మామూలుగా ఉండవలసిన 8 నుంచి 12 డిగ్రీల తేడా రెండు, మూడు డిగ్రీలకు పడిపోతే ఆ అనుమానం బలపడుతుంది. దీనికి కావలసింది ఒక చిన్న థర్మామీటరు, పావుగంట ఓపిక.

అప్పుడైనా సబ్బు నురుగుతో కీళ్లు చూసి, నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసి, చిల్లు పూడ్చి, వ్యాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేసి, ఔట్‌డోర్ స్టిక్కర్ మీద వ్రాసిన గ్రాముల ప్రకారం తూచి పోయడం పద్ధతి. మా ఇంట్లో చేతి అంచనాతో పోశారు. చిల్లంటూ ఉంటే అది అలాగే ఉంది గనుక తమరు మళ్లీ బయలుదేరి ఉంటారు. ఆర్-32 అనే రకం అవతారంలో తమరు వాతావరణంలో కలిస్తే, బరువుకు బరువు చూసినప్పుడు నూరేళ్లలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 675 రెట్లు భూమిని వేడెక్కిస్తారట. అంటే మా గదిని చల్లబరచలేక వెళ్లినవారు ఊరిని వేడెక్కించే పనిలో చేరుతున్నారన్నమాట. ఈ బదిలీకి కూడా డబ్బు మేమే కట్టాం.

కనుక నాది ఒకే ఒక కోరిక. ఇకపై వచ్చే మెకానిక్ సంచిలో తూకమూ, వ్యాక్యూమ్ పంపూ ఉన్నాయో లేవో ఫోనులోనే అడగాలని మేము నిశ్చయించుకున్నాము. ఆ పక్క నుంచి తమరు కూడా కొంత సాయపడాలి. తమరు జారుకునేటప్పుడు వెంట కంప్రెసర్ నూనె కొంచెం వస్తుందని విన్నాను. దయచేసి తమరు జారుకున్న ఆ గొట్టం నట్టు దగ్గర కాస్త మరక వదిలి వెళ్లగలరు. సబ్బు నీళ్ల గిన్నె పట్టుకుని ముందు అక్కడే వెతుకుతాము.

ఇట్లు,
తమరి పేరిట ఏటేటా బిల్లు చెల్లించు విధేయుడు