'ఐ బెగ్ టు స్టేట్' దగ్గరే ఆగిపోతున్న మన పిల్లలు

మొన్న సాయంత్రం మా షాపుకి ఒక అమ్మాయి వచ్చింది. ఈ ఏడే ప్లస్ టూలో చేరింది. మెట్రిక్‌లో మంచి మార్కులు, ఇంగ్లీషులో కూడా. చేతిలో తెల్ల కాగితం, దాని మీద ఒకే ఒక్క వాక్యం: "విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్‌మిషన్, ఐ బెగ్ టు స్టేట్ దట్". అక్కడితో పెన్ను ఆగిపోయింది.

"బాబాయ్, దీని తరవాత ఏటి రాయాలి?" అంది.

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో పన్నెండేళ్ళుగా జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు నడుపుతున్నాను. ఈ ప్రశ్న అడగని రోజు లేదు. అప్లికేషన్ రాసిపెట్టినందుకు ముప్పై రూపాయలు తీసుకుంటాను. ఆ డబ్బు నాకు అవసరమే. కానీ పదేళ్ళు బడికి వెళ్ళిన పిల్ల తన పని మీద తాను నాలుగు వాక్యాలు రాయలేక నా బల్ల ముందు నిలబడితే మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు.

ఆ కాగితం పక్కన పెట్టించి, "అసలు ఏమైందో నాకు చెప్పమ్మా" అన్నాను. గడగడా చెప్పేసింది. "మా నాన్న పేరులో వెంకట అని ఉంది బాబాయ్. మెట్రిక్ సర్టిఫికేట్‌లో బెంకట అని పడింది. ఆధార్‌లో సరిగ్గానే ఉంది. కాలేజీవాళ్ళు రెండు పేర్లూ ఒకటి కాదంటున్నారు. పదిహేనో తారీఖు లోపల బడి నుంచి కాగితం తెమ్మన్నారు."

అయిపోయింది. అప్లికేషన్ అంటే అంతే. ఏం తప్పు పడింది, ఎక్కడ సరిగ్గా ఉంది, ఎవరు అడుగుతున్నారు, ఎప్పటిలోగా కావాలి, అన్నీ వరసగా నోటితో చెప్పేసింది. "ఇదే రాయి" అంటే నమ్మలేకపోయింది. "ఇలాగే రాస్తే తప్పు కాదా?" అని రెండుసార్లు అడిగింది. ఆ అడగడంలోనే ఉంది జబ్బంతా. పదేళ్ళ చదువు ఆ పిల్లకి నేర్పింది ఏమిటంటే, తను మాట్లాడే మాట వేరు, కాగితం మీద పెట్టాల్సిన మాట వేరు అని.

ఈ మాట పర్లాకిమిడిలో కూర్చుని రాస్తున్నందుకు నాకు ఇంకా బాధ. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. రాజావారి బడిలో, తరవాత కాలేజీలో చెప్పారు. ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో పిల్లల చేత రాయిస్తే వాళ్ళకి చదువూ రాదు, రాతా రాదు అని ఆయన జీవితమంతా పోట్లాడారు. ఇక్కడి ఆదివాసులైన సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే బడులు నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మన ఊరు అందులో కలిసినప్పుడు ఆయన ఇక్కడి నుంచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. మంచిదే. కానీ ఆయన ఏ జబ్బు మీద పోట్లాడారో అది ఇంగ్లీషు వేషంలో మళ్ళీ మన బళ్ళోకి వచ్చింది. ఈ "ఐ బెగ్ టు స్టేట్" ఇవాళ్టి గ్రాంథికం. ఎవరూ మాట్లాడరు, ఎవరికీ అర్థం తెలీదు, అందరూ బట్టీ పడతారు. బెగ్ అంటే అడుక్కోవడం. తన తండ్రి పేరు సరిచేయమని కోరడానికి ఆ పిల్ల ఎవరినీ అడుక్కోనక్కర్లేదు.

సిలబస్‌లో లేదని నేను అనడం లేదు. ఉత్తరం ఉంది, వ్యాసం ఉంది. సీబీఎస్‌ఈ 12వ తరగతి ఇంగ్లీషులో అయితే నోటీసు, ఆహ్వానం, ఉద్యోగానికి దరఖాస్తు, రిపోర్టు అన్నీ ఉన్నాయి. కానీ ఎలా నేర్పుతున్నాం? గైడులో ఉన్న ఉత్తరాన్ని కంఠతా పట్టించి. పరీక్షలో పిల్లవాడు రాసే ఉత్తరం ఎవరికీ చేరదు. ఊరూ పేరూ లేని సంపాదకుడికి తను ఎప్పుడూ చూడని సమస్య గురించి రాస్తాడు. అదే పిల్లవాడి వీధిలో మూడు నెలలుగా లైటు వెలగడం లేదు. దాని గురించి రాయమని ఒక్కరూ చెప్పరు.

మన సరిహద్దు పిల్లలకి ఇంకో బరువు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఫారాల మీద ఇంగ్లీషు. మన పేర్లు మూడు లిపుల్లో ప్రయాణం చేస్తాయి, ప్రతి మజిలీలో కొంచెం అరుగుతాయి. ఒడియాలో వ, బ చాలాచోట్ల ఒకే అక్షరంగా రాస్తారు కాబట్టి అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి వెంకట బెంకట అవుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. దానికి తోడు మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగితే ఒకడు ఇంటిపేరు ముందు పెడతాడు, ఇంకొకడు వెనక పెడతాడు, మూడోవాడు లాస్ట్ నేమ్‌లో నాన్న పేరు రాస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, మెట్రిక్‌లో ఒక్క అక్షరం. పాస్‌పోర్టు దాకా ఈ గొడవ వెంటాడుతుంది. బోర్డు రిజిస్ట్రేషన్ అప్పుడు ఒక్క గంట కూర్చోబెట్టి, "నీ పేరు ప్రతిచోటా ఇలాగే రాయాలి" అని ఆధార్ పక్కన పెట్టి రాయిస్తే ఎన్ని కుటుంబాలకి ఎంత తిరుగుడు తప్పుతుందో నాకు తెలుసు. ఆ తిరుగుళ్ళన్నీ మొదలయ్యేది మా షాపు నుంచే.

ఇప్పుడు కొత్తగా ఫోన్లో ఏఐ వచ్చింది కదా, అదే రాసిపెడుతుంది అంటున్నారు. నిజమే, రాసిపెడుతుంది. పోయిన నెల ఒక అబ్బాయి ఫోన్లో తయారైన దరఖాస్తు ప్రింటు తీయమన్నాడు. పేజీ నిండా గొప్ప ఇంగ్లీషు. పైన 'మీ పేరు ఇక్కడ రాయండి' అన్న బ్రాకెట్ అలాగే ఉంది, కాలేజీ పేరు ఉండాల్సిన చోట ఇంకో బ్రాకెట్. తను పంపబోయేది తను చదవలేదు. ఏం కావాలో తనకి స్పష్టంగా ఉంటే ఫోన్ సాయం చేస్తుంది. ఆ స్పష్టత ఫోన్ ఇవ్వదు.

ఈమెయిల్ సంగతి చెప్పనక్కర్లేదు. భువనేశ్వర్, విశాఖ కాలేజీలకి మన పిల్లలు పంపే మెయిళ్ళలో సబ్జెక్ట్ ఖాళీ, లోపల ఒక్క మాట ఉండదు, అడ్డంగా తీసిన సర్టిఫికేట్ ఫొటో ఒకటి తగిలించి ఉంటుంది. అవతలివాళ్ళు రోజుకి వందల మెయిళ్ళు చూస్తారు. ఎవరు, ఏ కోర్సు, ఏం కావాలి అని ఒక్క లైను లేకపోతే తెరిచి చూడరు. తెలివైన పిల్ల వెనకబడిపోవడానికి ఆ ఒక్క లైను లేకపోవడం చాలు.

నాకే జరిగింది. డిగ్రీలో ఉండగా స్కాలర్‌షిప్పు ఆగిపోతే ఒక ఆఫీసుకి రెండు పేజీల అప్లికేషన్ పెట్టాను. మా ఇంటి కష్టాలన్నీ రాశాను. రోల్ నంబరు రాయలేదు, తారీఖు వేయలేదు, నకలు దాచుకోలేదు. నెల పోయాక వెళితే "మీ కాగితం మాకు అందలేదే" అన్నారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఏడాది డబ్బు పోయింది. నాన్న వడ్డీకి అప్పు చేశారు. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తారీఖు వేయించుకోవాలని నాకు ఏ బళ్ళోనూ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పడం లేదు. అందుకే ఇంత కోపం.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పది రూపాయల ఫీజు, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒడిశాలో దానికి ఫారం ఎ అని ఒకటి ఉంది. సివిక్స్‌లో ఈ చట్టం గురించి చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలే మా షాపులో ఆ ఫారం చూసి భయపడతారు. అందులో రాయాల్సింది ఒక్క సూటి ప్రశ్న. ఆ సూటి ప్రశ్న రాయడమే కష్టమైపోతోంది.

మాస్టార్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఒక్కో క్లాసులో అంతమంది నోట్సులు దిద్దుతూ, పై నుంచి వచ్చే లెక్కలు నింపుతూ వాళ్ళు పడే కష్టం నాకు తెలుసు. వాళ్ళలో చాలామంది నా దగ్గరే ప్రింట్లు తీయించుకుంటారు. నేను అడిగేది చిన్నది. తొమ్మిది, పది తరగతుల్లో వారానికి ఒక్క పీరియడ్, నిజంగా ఎక్కడికో వెళ్ళే కాగితం రాయించండి. ముందు నోటితో చెప్పించండి, తెలుగైనా ఒడియా అయినా. తరవాత అదే ఆ భాషలో రాయించండి. ఆ తరవాతే ఇంగ్లీషు. ఇంగ్లీషు వచ్చాకే రాత అని కూర్చుంటే రెండూ రావు, నేను రోజూ చూస్తున్నాను.

ఆ అమ్మాయి మా బల్ల మీదే రాసింది. ముందు తెలుగులో, తరవాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో. ఏడు లైన్లు వచ్చాయి. రెండు చోట్ల స్పెల్లింగ్ దిద్దాను, అంతే. బెగ్ ఎక్కడా లేదు, ప్లీజ్ ఒకసారి ఉంది. ఆధార్ జిరాక్స్ జతచేసి, రెండు కాపీలు పట్టుకుని వెళ్ళింది. మర్నాడు ముద్ర పడిన కాపీ తెచ్చి చూపించింది. ఆ పిల్ల దగ్గర ముప్పై రూపాయలు తీసుకోలేదు.

అప్పటి నుంచి ఆదివారం సాయంత్రం నాలుగింటికి షాపు అరుగు మీద పిల్లల్ని కూర్చోబెడుతున్నాను. ఫీజు లేదు. ఇంట్లో నిజంగా అవసరమైన ఒక కాగితం సంగతి పట్టుకుని రావాలి, అంతే షరతు. పోయిన వారం ఆరుగురు వచ్చారు. ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మ పింఛను గురించి, ఒకడు పోగొట్టుకున్న బస్ పాస్ గురించి రాశారు. గుమ్మ వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న సవర కుర్రాడు మాత్రం చాలాసేపు పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. నీ భాషలోనే చెప్పు అన్నాను. నాకు సవర రాదు, వాడి స్నేహితుడు తెలుగులో చెప్పాడు. హాస్టల్ కుళాయిలో పొద్దున్న నీళ్ళు ఆరింటికే ఆగిపోతున్నాయి, అంతకుముందే లేచినవాళ్ళకే స్నానం. నాలుగు వాక్యాలు రాశాడు. కింద తన పేరు, తరగతి, తారీఖు. పైన ఎవరికి రాయాలో కనుక్కుని రేపు చెబుతాను. కవరు కొని ఉంచాను.