వెస్ట్‌పోర్ట్‌లో రెండు కిలోమీటర్ల దారి ఎవరి కోసం?

ఐర్లండ్ పడమటి తీరంలో, మేయో కౌంటీలో వెస్ట్‌పోర్ట్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా ఏడు వేల లోపే. అంటే మన దగ్గర ఒక పెద్ద గ్రామ పంచాయతీ అంత. నడక మీద ఇష్టంతో అక్కడికి వెళ్లే పర్యాటకులకు ముందుగా వినిపించే పేర్లు రెండు. ఒకటి 764 మీటర్ల ఎత్తున్న క్రో పాట్రిక్ కొండ, రెండోది ఆకిల్ దీవి వైపు 40 కిలోమీటర్లకు పైగా సాగే గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే అనే నడక, సైకిల్ దారి. ఊళ్లో ఉండేవాళ్లు మాత్రం రోజూ వాటి మీద నడవరు. వాళ్లు నడిచేది క్యారోబెగ్ నది ఒడ్డున, పాత రైలు కట్ట మీద, రేవు దాకా. అరగంటలోనో ముప్పావు గంటలోనో ముగిసిపోయే దారులివి. ప్రభుత్వ డబ్బు, ప్రచారం మాత్రం ఎక్కువగా పొడవైన దారులకే వెళ్తున్నాయి. ఈ వరస మారాలి.

ఈ ఊరు నడకకు ఇంత అనువుగా ఉండటం వెనక ఒక జమీందారీ కథ ఉంది. పాత పల్లె ఒకప్పుడు బ్రౌన్ కుటుంబపు భవనానికి ఆనుకుని ఉండేది. దొరగారి ఇంటి ముందు అది ఉండకూడదని 1780 ప్రాంతంలో దాన్ని ఎత్తేసి, కొంచెం అవతల ప్లాన్ ప్రకారం కొత్త ఊరు కట్టారు. ఎనిమిది మూలల కూడలి, దాన్నుంచి దిగువకు దిగే వీధులు, రాతిగోడల మధ్యకు మళ్లించిన నది, దానికి రెండు వైపులా చెట్ల వరసలు, చిన్న చిన్న రాతి వంతెనలు అలా వచ్చినవే. ఆనాటి జనాన్ని ఎవరూ అడగలేదు. అయినా ఈ రోజు మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి ఇంటి నుంచి బయల్దేరి, నది పక్కన చదునుగా నడిచి, నీడలో కాసేపు కూర్చుని తిరిగి రాగలుగుతున్నాడంటే ఆ ప్లానే కారణం.

పాత రైలు కట్ట ఇంకా మేలు. ఊరి నుంచి రేవుకు సరుకుల కోసం వేసిన రైలు మార్గం ఎప్పుడో మూతపడింది. ఆ కట్టే ఇప్పుడు నడక దారి. రైలు ఏటవాలు ఎక్కలేదు కాబట్టి ఆనాటి ఇంజినీర్లు గుట్టలు తవ్వి, పల్లాలు పూడ్చి దారిని చదును చేశారు. ఆవిరి ఇంజన్ కోసం పడిన ఆ కష్టం ఇవాళ చక్రాల కుర్చీకి, పిల్లల్ని తోసుకెళ్లే బండికి, గుండె ఆపరేషన్ అయి కోలుకుంటున్న మనిషికి పనికొస్తోంది. ఐర్లండ్‌లో మూతపడిన రైలు మార్గాలు చాలా ఊళ్లలో ఉన్నాయి, కాలువ గట్లూ ఉన్నాయి. తేలిక నడకకు కావలసిన నేల కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. చిక్కంతా ఆ నేల ఎవరిదన్న దగ్గరే వస్తుంది.

పక్కనున్న స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం ఎవరి భూమి అయినా చాలా చోట్ల దాని మీదుగా బాధ్యతగా నడిచే హక్కు జనానికి ఉంది. ఐర్లండ్‌లో అలాంటి హక్కు లేదు. ఒక దారిలో జనం తరతరాలుగా నడుస్తున్నా, అది ప్రజల దారి అని కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. స్లైగో కౌంటీలోని లిసడెల్ ఎస్టేట్ కేసు ఇందుకు మంచి ఉదాహరణ. ఎస్టేట్ లోపలి దారుల్లో జనానికి హక్కు ఉందని 2010లో హైకోర్టు చెప్పింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును చాలా వరకు తిరగరాసింది. ఆ తర్వాత ఏ స్థానిక కౌన్సిలైనా 'ఇది అందరి దారి' అని గట్టిగా అనాలంటే వెనకాడక తప్పదు.

అందుకే గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే కథను నేను గౌరవంగా చూస్తాను. ఆకిల్ రైలు 1937లో ఆగిపోయింది. ఆ నేల పక్క రైతుల చేతుల్లోకి వెళ్లింది. దాని మీద దారి వేయడానికి మేయోలో బలవంతపు భూసేకరణకు దిగలేదు. ఒక్కో రైతు ఇంటికీ వెళ్లి మాట్లాడి, వంద మందికి పైగా యజమానుల అనుమతి తీసుకున్నారు. న్యూపోర్ట్ నుంచి మల్రానీ దాకా మొదటి భాగం 2010లో, మిగతాది 2011లో తెరుచుకున్నాయి. కెర్రీ కౌంటీ దక్షిణాన ఇలాంటి గ్రీన్‌వేకే భూసేకరణ బాట పట్టారు. 2020లో అనుమతి వచ్చినా వ్యవహారం కోర్టు మెట్లెక్కింది. మేయోలో పని త్వరగా అయిందంటే కారణం మాటతో ఒప్పించడమే. అయితే ఆ అనుమతి యజమాని ఇష్టం మీద ఆధారపడింది. రేపు వారసులు కాదంటే, కంచె వేస్తే, దారి మధ్యలో తెగిపోతుంది. ఊరి దగ్గరి దారులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పట్టణం పెరిగేకొద్దీ స్థలం విలువా పెరుగుతుంది కదా. ఒకప్పటి బ్రౌన్ కుటుంబపు వెస్ట్‌పోర్ట్ భవనం చుట్టూ ఉన్న ఎస్టేట్ తోటల్లో నడవడం ఊరి జనానికి ఎంతో కాలంగా అలవాటు. ఆ ఎస్టేట్ 2017లో స్థానిక వ్యాపార కుటుంబం చేతికి వచ్చింది. యజమానులు మంచివాళ్లా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒక ఊరి రోజువారీ నడక ఎవరి మంచితనం మీదా ఆధారపడే పరిస్థితి ఉండకూడదు. అనుమతితో నడుస్తున్న చోట్ల కౌన్సిల్ పట్టుబట్టి దీర్ఘకాలపు ఒప్పందాలు రాసుకోవాలి. దానికి రైతుకు న్యాయమైన డబ్బు చెల్లించాలి.

రైతుల భయం కూడా ఉట్టిది కాదు. ఎవరైనా జారిపడితే పరిహారం తన మెడకు చుట్టుకుంటుందేమోనన్న టెన్షన్ వాళ్లకుంటుంది. 1995 చట్టం సరదా నడకకు వచ్చేవాళ్ల విషయంలో యజమాని బాధ్యతను తగ్గించింది. అయినా 2016లో విక్లో కొండల్లో చెక్కబాట మీద పడి గాయపడిన ఒకరికి కింది కోర్టు 40 వేల యూరోలు ఇప్పించేసరికి దేశమంతా కంగారు పుట్టింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2023లో చట్టాన్ని మళ్లీ సవరించి, తెలిసి తీసుకున్న ప్రమాదానికి నడిచేవాళ్లే బాధ్యులన్న మాటను బలపరిచారు. ఈ సంగతి రైతు ఇంటి దాకా చేరేలా చెప్పే పని కౌన్సిళ్లు చేయాలి.

ఇక దారి దొరికాక ఏం చేయాలన్నదానికి ఐర్లండ్‌లోనే చక్కటి నమూనా ఉంది. ఐరిష్ హార్ట్ ఫౌండేషన్ 1996లో 'ష్లీ న స్లాంచె' అనే పథకం మొదలుపెట్టింది. ఆరోగ్య మార్గం అని అర్థం. ఉన్న దారి పక్కనే కిలోమీటరుకొక గుర్తు పలక పాతుతారు, అంతే. పరికరాలు లేవు, ఫీజు లేదు, యాప్ అక్కర్లేదు. డాక్టర్ 'రోజుకు రెండు కిలోమీటర్లు నడవండి' అంటే, ఎక్కడ తిరగాలో పలకే చెబుతుంది. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కారెక్కి వెళ్లి నడవాల్సిన దారితో అది కుదరదు. గడప దాటగానే మొదలయ్యే దారి కావాలి.

ఈ మాట మనవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఐర్లండ్ ఆస్పత్రుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో తెలుగువాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. మనవణ్ణో మనవరాలినో చూసుకోవడానికి వాళ్ల అమ్మానాన్నలు నెలల తరబడి వచ్చి ఉంటారు. ఆ పెద్దవాళ్లకు కారు నడపడం రాదు, భాష కొత్త, చలి కొత్త. కొడుకు డ్యూటీకి వెళ్లాక బయటికి అడుగు పెట్టాలంటే ఉన్న ఆధారం ఇంటి ముందు ఫుట్‌పాత్ ఒక్కటే. అది పార్కు దాకా తెగకుండా ఉంటే పక్కింటివాళ్లతో పలకరింపులు మొదలవుతాయి. మధ్యలో ఆగిపోతే నాలుగు గోడల మధ్యే ఆరు నెలలు గడిచిపోతాయి. నలభై కిలోమీటర్ల గ్రీన్‌వే వాళ్లకు ఈ విషయంలో ఏ సాయమూ చేయదు.

తెగే చోట్లు చిన్నవే కానీ మొండివి. ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి నిలిపిన కార్లు ఒకటి. ఈ తప్పుకు జరిమానాను 2022 ఫిబ్రవరిలో 40 యూరోల నుంచి 80కి పెంచారు. జరిమానా వేసే మనిషి ఊళ్లో తిరగకపోతే అంకె ఎంతయినా ఒకటే. రెండోది చీకటి. మేయోలో జూన్‌లో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు గుంకుతుంది. ఉద్యోగం నుంచి వచ్చేసరికి దీపాలు లేని దారి మూసేసినట్టే. నది ఒడ్డున దీపాలు పెడితే గబ్బిలాలకు ఇబ్బంది అనే అభ్యంతరం నిజమైనదే, వాటికి చట్ట రక్షణ ఉంది. కాంతి కిందికి మాత్రమే పడేలా, అర్ధరాత్రి ఆరిపోయేలా దీపాలు అమర్చుకోవచ్చు. భద్రత సంగతి వేరు, దీపాలతో తీరేది కాదు. 2022 జనవరిలో టుల్లమోర్ పట్టణం దగ్గర కాలువ గట్టు దారిలో పట్టపగలు ఒక యువతి హత్యకు గురైంది. దేశమంతా కొవ్వొత్తులతో బయటికి వచ్చింది. ఆడవాళ్లు నిర్భయంగా నడవగలగాలంటే దారిలో నలుగురు మనుషులు తిరుగుతుండాలి, దారికి ఇళ్ల కిటికీలు కనిపించాలి, మధ్యమధ్య ఊళ్లోకి తిరిగే మలుపులు ఉండాలి. ఊరికి దగ్గరగా, పొట్టిగా ఉండే దారికే ఇవన్నీ సాధ్యం.

డబ్బు లేదనే మాట ఇక్కడ నిలవదు. 2020లో ఏర్పడిన ప్రభుత్వం నడకకు, సైకిళ్లకు కలిపి ఏటా 36 కోట్ల యూరోలు కేటాయిస్తానని ప్రకటించింది. అంటే రోజుకు దాదాపు పది లక్షల యూరోలు. ఇలాంటి నిధుల్లో కొంత భాగాన్ని పదివేల లోపు జనాభా ఉన్న పట్టణాల ఫుట్‌పాత్‌లకు, బెంచీలకు, దీపాలకు విడిగా తీసి పెట్టాలి. కొత్తది కట్టడానికి ఇచ్చినట్టే ఉన్నది బాగుచేయడానికీ ఏటా ఇవ్వాలి. ఇప్పుడు ఆ భారం చాలా వరకు 1958లో మొదలైన టైడీ టౌన్స్ పోటీ కోసం ఊరిని శుభ్రం చేసే వాలంటీర్ల మీద పడుతోంది. వెస్ట్‌పోర్ట్ ఆ పోటీలో జాతీయ స్థాయిలో ఒకటికి మించిన సార్లు గెలిచింది. చెత్త ఏరడం, పూలు నాటడం వాళ్లు చేస్తారు. పగిలిన ఫుట్‌పాత్ వేయడం, కూలిన గట్టు కట్టడం కౌన్సిల్ ఇంజినీర్ల పని, దానికి బడ్జెట్‌లో పేరున్న ఒక పద్దు కావాలి.