లొకేషన్ ప్లీజ్ గారికి, విశాఖపట్నం నుంచి

మహారాజశ్రీ లొకేషన్ ప్లీజ్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం విడిగా అడగక్కర్లేదు. నేను ఏ ఫొటో పెట్టినా నిమిషం తిరక్కుండా దాని కింద కామెంటై ప్రత్యక్షమవుతారు కాబట్టి, బాగానే తిరుగుతున్నారని తెలుస్తూనే ఉంది.

మన మొదటి పరిచయం మీకు గుర్తుండదు. మీకు రోజుకి వెయ్యిమంది. నాకు మాత్రం నిన్నటిలా ఉంది. అమావాస్య మర్నాడు, ఆదివారం, మధ్యాహ్నం. భీమిలి దారిలో ఒకచోట (ఎక్కడో చెప్పను, ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు) అమావాస్యకీ పౌర్ణమికీ పాటు (అంటే సముద్రం వెనక్కి తగ్గడం) బాగా లాగుతుంది. మామూలు రోజుల్లో నీళ్ల కింద ఉండే రాళ్లు రెండు గంటల పాటు బయటపడతాయి. ఆ రాళ్ల గుంటల్లో కాసిని నీళ్లు మిగిలిపోతాయి. మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. మొదటి ఐదు నిమిషాలూ ఏమీ ఉండదు. నాచు, ఇసుక, మన మొహం. తర్వాత ఒక శంఖం నడుస్తుంది. శంఖం ఇంత జోరుగా నడవదే అని వంగితే లోపల సన్యాసి పీత. ఖాళీ శంఖంలో కాపురం పెడుతుంది, ఒళ్లు పెరిగితే ఇంకో పెద్ద శంఖానికి మారిపోతుంది. అడ్వాన్సు గొడవ లేదు, పాలు పొంగించడం లేదు. పక్కనే రాయికి బొత్తాంలా ఒక ముద్ద అంటుకుని ఉంటుంది. మన నీడ దాని మీద పడకుండా జరిగి, కదలకుండా ఉంటే, అది మెల్లగా పువ్వులా విచ్చుకుంటుంది. పువ్వు కాదు, జంతువు. సీ అనిమోన్. ఆ రేకులన్నీ కుట్టే చేతులు. దారినపోయే చిన్న రొయ్య తగిలితే కుట్టి, మడిచి, నోట్లో వేసుకుంటుంది.

అది విచ్చుకోవడానికి పావుగంట పట్టింది. ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాను. ప్యాంటు తడి ఆరకముందే మీరు దిగారు. కూర్మన్నపాలెం నుంచి మా పెద్దమ్మ కొడుకు రూపంలో, ఆఫీసులో పక్క సీటాయన రూపంలో, చివరికి మా బావగారి రూపంలో కూడా. బావగారు ఒక పెళ్లిలో సరిగ్గా పలకరించలేదని మూడేళ్లుగా నా మీద అలిగి ఉన్నారు. అంత అలకా తీరి ఆయన నోట వచ్చిన మొదటి మాట మీరే. "బాగున్నావా" కూడా కాదు. అది ఏమిటి, బతికున్నదా, కుడుతుందా అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు.

మీరు రాకముందు ఈ ఊళ్లో ఇలాంటి చోట్లు ఎలా దొరికేవో మీకు తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను. 900కె బస్సెక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చునేవాళ్లం. సముద్రం ఎక్కడ బాగుందనిపిస్తే అక్కడ దిగిపోవడమే. దిగాక ఎవరో ఒకరిని అడగాలి. ఓసారి వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన కనిపిస్తే, "తాతా, ఆ సరుగుడు తోట వెనక ఏముంది?" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "అక్కడేటుంటాది బాబూ. అక్కడేటీ నేదు" అన్నాడు.

మా ఉత్తరాంధ్రలో ఇది మహామంత్రం. గెడ్డ (కొండవాగు) పైకి పోతే ఏముందవ్వా? ఏటీ నేదు. ఆ కొండ అవతల? రాళ్లు తప్ప ఏటీ నేవు. పాపం, వీళ్లకి తమ దగ్గరున్నదాని విలువ తెలియదని నేను చాలాకాలం జాలిపడ్డాను. ఏటీ నేదన్న చోటికల్లా వెళ్లాను. వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒకటి ఉండేది.

ఇంకోమాట. మా పెద్దవాళ్లు లొకేషన్‌ని దాచలేదు, పేర్లలోనే పెట్టేశారు. కొండ మీద రాతిలో తొలిచిన నీళ్ల తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ. బావులున్నాయి కాబట్టి బావికొండ. అరకు వైపు చాప పరిచినట్టు బండ మీద నీళ్లు జారుతుంటాయి కాబట్టి చాపరాయి. ఎర్రమట్టి దిబ్బలకైతే వివరణ కూడా అక్కర్లేదు. ఇంత విప్పి చెప్పినా తొట్లకొండ మీద సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉందన్న సంగతి శతాబ్దాల తరబడి ఎవరికీ పట్టలేదు. 1976లో నేవీ వాళ్లు సర్వే చేస్తుంటే బయటపడింది. మీరు అప్పటికి పుట్టలేదు కాబట్టే అన్నేళ్లు భద్రంగా ఉందని నా నమ్మకం. మీరే గనక ఉండి ఉంటే ఆ భిక్షువులకి ధ్యానం కుదిరేదా? "భంతే, చిన్న రీల్" అని కొండెక్కేవారు.

ఇక తమరి ఘనకార్యాల గురించి నాలుగు మాటలు రాయకపోతే మర్యాదగా ఉండదు.

ఎర్రమట్టి దిబ్బలు దిబ్బలే కానీ వాటి వయసు వేల ఏళ్లలో లెక్క. గాలి తెచ్చి పోసిన ఇసుక, దాని రేణువులకి పట్టిన ఇనుప తుప్పు ఎరుపు, వానలు కోసుకుంటూ పోయిన లోయలు. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఇలాంటివి మన దేశంలో తమిళనాడు తీరంలోనూ, అవతల శ్రీలంకలోనూ తప్ప పెద్దగా కనిపించవు. అది రాయి కాదు, గట్టిపడీ పడని ఇసుక. గోరుతో గీస్తే రాలుతుంది. మీరు పంపిన జనం గోరుతో ఆగలేదు. తాళంచెవితో పేర్లు చెక్కి, మధ్యలో హృదయం గీసి, బాణం కూడా గుచ్చారు. వచ్చే వానకి ఆ పేర్లు పోతాయి, మంచిదే. గోడ కూడా కొంత పోతుంది. గట్ల మీంచి పిల్లల చేత జారుడుబండ ఆడించే తల్లిదండ్రుల్ని చూశాను. నేను ఏదో అనబోతే, "మట్టే కదండీ" అన్నారు. నిజమే, మట్టే.

వంజంగి సంగతి మీకు నేను చెప్పాలా? పాడేరు దగ్గర కొండ. చలికాలం రాత్రి గాలి కదలకుండా, ఆకాశం తేటగా ఉంటే నేల త్వరగా చల్లబడి, లోయలో తేమంతా మంచుమేఘమై నిండిపోతుంది. తెల్లారగట్ల కొండెక్కి పైనుంచి చూస్తే కింద తెల్లటి సముద్రం, అక్కడక్కడ లంకల్లా కొండ శిఖరాలు. ఎండెక్కితే కరిగిపోతుంది. దాని తమాషా అంతా ఆ కాసేపట్లోనే. నేను వెళ్లిన రోజు మేఘసముద్రం బదులు జనసముద్రం చూశాను. (ఈ మాట నాకంటే ముందు ఎంతోమంది అనే ఉంటారు, అంత జనం మరి.) తెల్లవారుజామున నాలుగింటికి కొండ దారిలో ట్రాఫిక్ జామ్. పైన చలిమంటల పొగ ఏదో, మేఘం ఏదో తెలియలేదు. సూర్యుడు వచ్చే వేళకి నా ముందు ఎత్తిన ఫోన్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. పక్కన ఒక స్పీకర్ పెద్ద గొంతుతో ప్రశాంతత గురించి పాట పాడుతోంది.

మీకు తెలుసో లేదో, మీకు ఎక్కడ అన్నదొక్కటే వచ్చు. ఎలా, ఎప్పుడు, అసలు వెళ్లొచ్చా అన్నవి రావు. మొన్న మా కాలనీలో ఒకాయన మీరిచ్చిన మ్యాప్ పిన్ పట్టుకుని భార్యాపిల్లలతో ఒక జలపాతానికి బయల్దేరాడు. మ్యాప్ నాలుగు వందల మీటర్లు అంది. మధ్యలో గెడ్డ ఉంది. ఆగస్టు నెల. గెడ్డ రేపు రమ్మంది. చుట్టూ తిరిగి వెళదామని జీడిమామిడి తోటలో దూరితే తోట ఆసామి కర్రతో ఎదురొచ్చాడు. పాపం ఆయనా కొట్టలేదు. "ఈ ఆదివారం మీరు ఏడో కారు బాబూ" అని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడట.

అన్నిసార్లూ కథ మంచినీళ్లతో ముగియదు. మా సముద్రం చూడ్డానికి ఎంత బాగుంటుందో దిగడానికి అంత మంచిది కాదు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఏదో ఒక సందులోంచి జోరుగా వెనక్కి పోతాయి. ఆ సందులో అలలు విరగవు. కొత్తవాళ్లు అదే నెమ్మదిగా ఉందనుకుని అక్కడే దిగుతారు. పక్క పేట జాలరి పిల్లాడికి తెలుసు ఎక్కడ దిగకూడదో. మీరు వాడిని అడగరు. కాపలా లేని బీచ్‌ల దగ్గర ఎంతమంది కుర్రాళ్లు పోయారో మా పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, వదిలేస్తాను.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి, వెలుగున్న వైపు సముద్రమనుకుని నడుస్తాయి. సముద్రం బదులు అక్కడ మీరు వేయించిన టెంటు, దానికి కట్టిన రంగు రంగుల లైట్లు ఉంటే వాటి గతేమిటో ఆలోచించుకోండి.

మీ గురించి ఒక మంచిమాట కూడా రాయాలి, లేకపోతే పాపం. మీరొచ్చాక రోడ్డు పక్కన ముంజెలు అమ్మే ఆవిడకి బేరం పెరిగింది. వంజంగి దారిలో గిరిజన కుర్రాళ్లు టీ అమ్ముతున్నారు, ఇద్దరు ముగ్గురు గదులు అద్దెకిస్తున్నారు. నాకు ఏకాంతం కావాలి కాబట్టి వాళ్లకి గిరాకీ ఉండకూడదనడం ఏం న్యాయం? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు రాయలేను.

2020 అక్టోబరులో వాయుగుండానికి ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది, గుర్తుందా? ఊరంతా వెళ్లి చూసింది. ఈ ఊళ్లో మిమ్మల్ని ఎవరూ తలవకుండా దొరికిన చోటు అదొక్కటే. కోవిడ్ కూడా ఆపలేకపోయింది.

సరే, అసలు విషయం. నా రాళ్ల గుంటల సంగతి.

బావగారికి పిన్ పంపాను. మూడేళ్ల అలక, ఇంట్లో మా ఆవిడ పోరు, ఏం చేయను? పంపుతూ "ఎవరికీ చెప్పకండి బావగారూ" అని రాశాను. విశాఖపట్నంలో అన్నిటికంటే వేగంగా చేరే కొరియర్ ఈ మాటే అని నాకు అప్పుడు తెలియదు. వచ్చిన పౌర్ణమికి వెళ్తే అక్కడ పాతిక మంది ఉన్నారు. రాళ్ల మీద ఆకుపచ్చగా, మెత్తగా తివాచీలా పరుచుకున్న జీవులుంటాయి, జొవాంథిడ్లంటారు. నాచు అనుకుని వాటి మీద బూట్లతో నిలబడి గ్రూప్ ఫొటో దిగుతున్నారు. ఒక పిల్లాడు సన్యాసి పీతని నీళ్ల సీసాలో వేసి మూత బిగించాడు. నా అనిమోన్ ఉన్న గుంట దగ్గర ఒక కుర్రాడు సెల్ఫీ కర్రతో దాన్ని పొడుస్తూ, "ఇది ఓపెన్ అవ్వట్లేదేంట్రా, రీల్‌లో అయింది" అంటున్నాడు.

నేను ఒక పక్కగా నిలబడి ఉంటే ఒకమ్మాయి నన్ను చూసి, చాలా మర్యాదగానే, "అంకుల్, ఇది హిడెన్ స్పాట్. ఎవరికీ తెలీదు. మీకెలా తెలిసింది?" అంది.

ఏం చెప్పాలి? "మా బావగారు పంపారమ్మా" అన్నాను.

ఆ తర్వాత స్టేటస్‌లు మానేశాను. పాటు ఉన్న రోజున వేరే చోటికి వెళుతున్నాను. కిందటి నెల అక్కడ రోడ్డు పక్కన బండి ఆపి, కాళ్లకంటిన ఇసుక దులుపుకుంటుంటే ఒక కారు ఆగింది. నలుగురు కుర్రాళ్లు. ముందు సీట్లో ఉన్నవాడు అద్దం దించి, "అంకుల్, ఆ తోట వెనక ఏమైనా ఉందా?" అన్నాడు.

చెప్పులు దులుపుకుంటూనే, "అక్కడేటుంటాది బాబూ. అక్కడేటీ నేదు" అన్నాను.

నేను ఇంట్లో కూడా "నేదు" అనను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. ఆ వల తాత ఆ రోజు తలెందుకు ఎత్తలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఎత్తితే నవ్వు కనపడిపోతుంది.

కుర్రాడు "థాంక్స్ అంకుల్" అన్నాడు. కారు ముందుకెళ్లింది. మలుపు తిరిగాక ఆగిన చప్పుడు, నాలుగు తలుపులూ వేసిన చప్పుడు వినిపించాయి.

ఇట్లు,
మీ బాధితుడు,
విశాఖపట్నం.

(ఏ ఏరియా అని అడగొద్దు.)