కాపాడటానికి వెళ్లేవారికీ హద్దులుండాలి

1994 ఏప్రిల్‌లో రువాండాలో టుట్సీ తెగవారి ఊచకోత మొదలయ్యేసరికి ఐక్యరాజ్యసమితి శాంతిసేన అక్కడే ఉంది. ఇంకా బలగాలు పంపండని దాని కమాండర్ రోమియో డలేర్ మొత్తుకున్నారు. భద్రతామండలి మాత్రం ఉన్న సేననే 270 మందికి తగ్గించాలని ఏప్రిల్ 21న తీర్మానించింది. దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతమయ్యారు. పరాయి దేశం గొడవ మనకెందుకని ఎవరైనా అన్నప్పుడల్లా మాకు ఆ 270 అంకె గుర్తొస్తుంది.

అయినా, ఆపద ఉందని చెప్పి ఎవరు పడితే వారు సైన్యంతో సరిహద్దు దాటడాన్ని మేం సమర్థించలేం. ఒక దేశంపై మరో దేశం బలప్రయోగం చేయరాదని సమితి ఛార్టర్ చెబుతోంది. ఆత్మరక్షణకూ, భద్రతామండలి అనుమతికీ మాత్రమే మినహాయింపు ఉంది. వలస పాలన నుంచి బయటపడ్డ చిన్న దేశాలకు ఆ నిబంధనే గోడ. దాన్ని కూల్చితే ముందు నష్టపోయేది వాళ్లే.

అనుమతి ఉన్నంత మాత్రాన సరిపోదని లిబియా చూపించింది. బెంఘాజీ నగర ప్రజలను ఆ దేశ పాలకుడు గడాఫీ సైన్యం నుంచి కాపాడాలంటూ 2011 మార్చి 17న మండలి 1973వ నంబరు తీర్మానం చేసింది. పది దేశాలు ఔనన్నాయి. భారత్, బ్రెజిల్, జర్మనీ, రష్యా, చైనా ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. పౌరరక్షణ కోసమని మొదలైన పాశ్చాత్య సైనిక కూటమి నాటో దాడులు అక్టోబర్‌లో గడాఫీ చనిపోయేదాకా ఆగలేదు. తర్వాత ఆ దేశం సాయుధ ముఠాల పాలైంది, పోటీ ప్రభుత్వాల మధ్య చీలింది. బాంబులు వేసినవారిలో దాని బాగోగులు పట్టించుకున్నవారు తక్కువ. ఆ మూల్యం అంతర్యుద్ధంలో చిక్కుకున్న సిరియన్లు కూడా చెల్లించారు: లిబియాను చూపించి రష్యా, చైనా మండలిలో సిరియాపై తీర్మానాలకు అడ్డుపడ్డాయి. రష్యాకు సిరియాలో సొంత ప్రయోజనాలున్నాయి, నిజమే. కానీ దానికి సాకు అందించింది లిబియాయే.

ఉద్దేశం స్వచ్ఛంగా ఉంటేనే జోక్యం సబబని కొందరి వాదన. చరిత్ర అలా లేదు. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో భారత్, 1979లో కంబోడియాలో వియత్నాం, ఉగాండాలో టాంజానియా నిజంగానే మారణకాండలను ఆపాయి. అయితే ఆ దేశాలన్నిటికీ తమ భద్రతా అవసరాలు ఉన్నాయి, ప్రధానంగా ఆత్మరక్షణ వాదననే ముందుకు తెచ్చాయి. కంబోడియా నియంత పోల్‌పాట్‌ను తరిమినందుకు వియత్నాంను శిక్షించారు. సమితిలో కంబోడియా సీటు పోల్‌పాట్ నడిపిన ఖ్మేర్ రూజ్ పక్షానికే ఏళ్ల తరబడి ఉంచారు. కాబట్టి మనసులో ఏముందో వెతకడం కంటే, ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టడం ముఖ్యం. సైనిక చర్యకు గడువు, మండలికి ఎప్పటికప్పుడు లెక్క చెప్పడం, ప్రభుత్వాన్ని మార్చడం ఇందులో లేదన్న స్పష్టత, తర్వాతి పునర్నిర్మాణం ఎవరి బాధ్యతో చెప్పడం తీర్మానంలోనే ఉండాలి. 2011లోనే బ్రెజిల్ ఇలాంటి ప్రతిపాదన తెచ్చింది. దాన్ని అటకెక్కించిన పెద్ద దేశాల తీరును మేం తప్పుపడుతున్నాం.

రెండో పని వీటోను, అంటే మండలిలోని ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఏ ఒక్కటైనా తీర్మానాన్ని ఆపేసే హక్కును, కట్టడి చేయడం. జాతిహననం, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవాళిపై నేరాల నుంచి ప్రజలను కాపాడతామని 2005లో దేశాలన్నీ మాటిచ్చాయి. సామూహిక హత్యాకాండలను ఆపే తీర్మానాలకు వ్యతిరేకంగా ఓటు వేయబోమన్న నియమావళి 2015లో వచ్చింది. ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఫ్రాన్స్, బ్రిటన్ దానికి ఒప్పుకున్నాయి. అమెరికా, రష్యా, చైనా ఎందుకు ఒప్పుకోవో తమ ప్రజలకూ, ప్రపంచానికీ బహిరంగంగా చెప్పాలి.