నానో కార్బన్ సీసాన్ని పట్టుకుంటుంది సరే, తర్వాత?

(కర్మాగారాల మురుగునీటిలోని సీసం, కాడ్మియం లాంటి భార లోహాల్ని అతి సూక్ష్మమైన కార్బన్ పదార్థం, అంటే నానో కార్బన్‌తో తీసేయడంపై ఒక పరిశోధకురాలికీ, నీటి శుద్ధి ప్లాంటు నడిపే ఇంజనీరుకూ మధ్య వాదన.)

పరిశోధకురాలు: సున్నం వేస్తే లోహాలు చాలావరకు బురదగా దిగిపోతాయి, కాదనను. కానీ నీటిలో మిగిలిపోయే ఆ కొంచెమే ప్రమాదం సార్. తాగునీటిలో సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నానో కార్బన్లో ఒక రకమైన గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ చేరిన పలుచటి కార్బన్ రేకు) ఉపరితలం మీద ఆక్సిజన్ ఉన్న పరమాణు గుంపులు బోలెడు ఉంటాయి, సీసం అయాన్లు వాటికి గట్టిగా అంటుకుంటాయి కాబట్టి ఆ మిగిలిన కొద్ది సీసాన్ని కూడా లాగేయొచ్చు.

ఇంజనీరు: మీరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క సీసం ఉప్పు కలిపి చూస్తారు మేడమ్. నా ట్యాంకులోకి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం, నూనె, రంగులు అన్నీ ఉంటాయి, అవీ ఆ చోటు కోసమే పోటీ పడతాయి. నీరు ఆమ్లంగా ఉంటే హైడ్రోజన్ అయాన్లే ముందు ఆక్రమించేస్తాయి.

పరిశోధకురాలు: అందుకే సున్నం దశ తర్వాత, పీహెచ్ (నీటి ఆమ్లత కొలత) సరిచేసి, చివర్లో వాడమంటున్నా.

ఇంజనీరు: సరే, ఆ పొడిని నీటిలోంచి తీసేదెలా? కాలమ్‌లో (నీరు పారే నిలువు గొట్టంలో) నింపితే పూడుకుపోతుంది, వదిలేస్తే నదిలోకి పోతుంది. నానో కార్బన్లోనే సన్నటి గొట్టంలా ఉండే, ఒక రకం బహుళ గోడల కార్బన్ నానోట్యూబ్‌ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లోనే చేర్చింది కదా!

పరిశోధకురాలు: అది ఆ ఒక్క రకానికే, అన్నిటికీ అంటగట్టకండి. ఐరన్ ఆక్సైడ్‌తో కలిపి తయారుచేస్తే అయస్కాంతంతో లాగేయొచ్చు, పూసల్లోనో పొరల్లోనో బిగించొచ్చు. కానీ పొడి బయటికి పోకూడదన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంజనీరు: నన్ను అసలు బాధపెట్టేది వేరే. గ్రాఫీన్ ఆక్సైడ్‌ని ఎక్కువగా తయారుచేసే హమ్మర్స్ పద్ధతిలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్ వాడతారు. కడిగిన నీళ్లలో ఆమ్లం, మాంగనీస్ మిగులుతాయి. ఒకచోట నీటిని శుభ్రం చేయడానికి ఇంకోచోట పాడుచేస్తామా? పైగా వాడిన పదార్థాన్ని మళ్లీ వాడటానికి ఆమ్లంతో కడిగితే సీసం ఆ ఆమ్లంలోకి వస్తుంది. దాన్నెక్కడ పోయాలి?

పరిశోధకురాలు: పోయకూడదు! అంత నీటిలో పలచగా ఉన్న సీసం కొద్ది ద్రవంలోకి చేరిందంటే విద్యుత్తుతో లోహంగా రాబట్టుకునే వీలు పెరుగుతుంది. సున్నం బురదలో అన్నీ కలిసిపోయి చివరికి గుంతలో పూడ్చాల్సిందే.

ఇంజనీరు: అయితే సున్నం దశ దాటిన నా నీళ్లే ఇస్తాను, వాటితో చూపించండి. పక్కనే మామూలు యాక్టివేటెడ్ కార్బన్ (సన్నటి రంధ్రాలున్న బొగ్గు) కాలమ్ కూడా నడపండి. గ్రాము కార్బన్ ఎంత సీసం పట్టిందన్న లెక్క నాకొద్దు, లీటరు నీటికి ఎంత ఖర్చయిందో, ఆమ్లంలోకి వచ్చిన సీసం ఎటు పోయిందో రాసివ్వండి.

పరిశోధకురాలు: ఇస్తాను. బయటికి వచ్చే నీటిలో పొడి ఏమైనా పోతోందా అన్నది కూడా కొలుస్తాను.